నేను పీకని పోతుమొక్క

నా జీవితంలో ఎందరి మీదో ఫిర్యాదు చేశాను. నల్లా రాలేదని మున్సిపాలిటీకి, చెయ్యి ఎత్తినా బస్సు ఆపలేదని డిపోకి, నా తర్వాత చేరినవాడికి నాకంటే ముందు సెలవిచ్చారని కార్ఖానా మేనేజరుకి. ఏదీ కడుపులో దాచుకోలేదు. దాచుకున్నది ఒకే ఒక్కటి. అది నా మీద ఎవరైనా చెయ్యాల్సిన ఫిర్యాదు. చెయ్యాల్సినవాళ్లు ఇద్దరు. ఒకరు చనిపోయారు. రెండో మనిషికి అసలు సంగతే తెలియదు, కనబడినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు. ఏళ్లుగా ఆ చెయ్యిని మోస్తున్నాను. మోసేకొద్దీ అలవాటవుతుందనుకున్నాను. కాలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను ఉప్పల్‌లో ఉండేవాణ్ని. నాచారంలో కార్ఖానాలు కొత్తగా లేస్తున్న రోజులు. జొన్న చేల మధ్య రేకుల షెడ్లు, వాటి ముందు సైకిళ్లు. అందులో ఒక షెడ్డులో లేతు మిషను మీద పని చేసేవాణ్ని. అక్క, బావ నాచారంలోనే, చెరువుకు ఇవతల పెంకుటింట్లో ఉండేవాళ్లు. వాళ్లకు పిల్లలు లేరు. బావ హబ్సిగూడలో ఒక ఆఫీసులో గుమాస్తా. మా చర్చిలో సంఘపెద్ద. తెల్ల చొక్కా, నూనె రాసిన జుట్టు, నెమ్మదిగా మాట. ఆయన్ని చూస్తే ఎవరైనా నిలబడి మాట్లాడేవాళ్లు. నన్ను చూసి ఎవరూ నిలబడేవాళ్లు కాదు. ఇది కూడా నేను మరిచిపోలేదు.

ఒక ఈస్టరు నాడు చర్చిలో ప్రభు భోజన సంస్కారం జరుగుతోంది. మేమంతా వరుసగా మోకాళ్ల మీద ఉన్నాం. పాస్టరయ్య రొట్టె ఇస్తూ ముందు నడుస్తుంటే వెనక ద్రాక్షరసం గిన్నె పట్టుకొని బావ వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చాడు. వంగాడు. ముక్కు కొంచెం ఎగరేశాడు. గిన్నె నా పెదాల దాకా వచ్చి, నన్ను దాటి, పక్కవాడి దగ్గరికి పోయింది. ఒక్క మాట కూడా అనలేదు. అంటే నేనూ ఒక మాట అనేవాణ్ని. వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా భార్య తల దించుకుంది.

ముందురోజు కల్లు తాగిన మాట నిజమే. వారమంతా ఇనుము చెక్కినవాడు శనివారం సాయంత్రం తాగకుండా ఉంటాడా? ఇప్పటికీ ఆ విషయంలో న్యాయం నాదే అంటాను. బావను గేటు దగ్గర పట్టుకొని అడిగితే, దేవుని బల్ల దగ్గర తనకు చుట్టరికం లేదన్నాడు. పాస్టరయ్యకు చెప్పాను. ఆయన, నీ బావే కదా, సర్దుకో అన్నాడు. నేను సర్దుకోలేదు. ఆ తర్వాత వాళ్ల ఇంటికి అక్క కోసమే వెళ్లేవాణ్ని. బావ పలకరిస్తే గోడ వైపు చూసి జవాబు చెప్పేవాణ్ని.

ఆ ఏడు వానలు పోయి చలి మొదలైన వేళ బావ కార్ఖానా దగ్గరికే వచ్చి నన్ను పిలిచాడు. సిద్దిపేట దగ్గర వాళ్ల ఊళ్లో తల్లికి బాగాలేదట, కొన్నాళ్లు అక్కడే ఉండాలట. ఒక పని అప్పజెప్పాలన్నాడు. ఇంటికి తీసుకెళ్లి, వెనక మునుపు మేకలు కట్టేసిన గది తాళం తీశాడు.

వాసన ముందు తగిలింది. పచ్చిగా, ఘాటుగా, గొంతులో దిగబడే వాసన. ఆ తర్వాత కళ్లకు కనబడింది. పైకప్పులో పెంకులు తీసి గాజు పెంకులు పెట్టించాడు. వాటిలోంచి పడే ఎండలో పాత నూనె డబ్బాల్లో గంజాయి మొక్కలు. నా నడుము ఎత్తున. కొమ్మకొమ్మకీ పూత మొదలైంది.

గంజాయి అమ్మే సర్కారు దుకాణాలు అప్పుడు ఉండేవి, కావలసినవాడు వెళ్లి కొనుక్కునేవాడు. కానీ సంఘపెద్ద ఆ దుకాణం మెట్టు ఎక్కితే చూసినవాళ్లు ఊరుకోరు. ఇంట్లో పెంచడం మాత్రం నేరం. ఆబ్కారీవాళ్లకు తెలిస్తే బేడీలే. ఈ మనిషా నా కల్లు వాసనకు ముక్కు ఎగరేసింది?

ఎవరికి బావా ఇది, అని అడిగాను. అది అడగొద్దన్నాడు. ఇంట్లోవాడివి కాబట్టి నీకు చూపిస్తున్నా, బయట అనకు అన్నాడు. నేను అర్థం చేసుకున్నాను. అంటే, అర్థం చేసుకున్నాననుకున్నాను.

మన్ను ఆయనే కలిపాడట. చెరువు ఒండ్రు, మాగిన మేకపెంట, కాస్త వేపపిండి. ఇంత కష్టం దేనికి, ఒక సంచి తెల్ల ఎరువు తెచ్చి పోస్తా, ఏనుగంత పెరుగుతాయి అని వెటకారం చేశాను. బావ నవ్వలేదు. "మందు ఎరువు వద్దు. నోట్లకు పొయ్యేది" అన్నాడు. ఆ మాట అక్కడే ఆగి విని ఉంటే? బీడీ కూడా ముట్టని మనిషి, ఏనాడూ పొగ వాసన రాని ఇల్లు, నోట్లోకి పోయేదని చెప్తున్నాడు. ఎవరి నోట్లోకి అని ఒక్కసారి నన్ను నేను ఎందుకు అడుక్కోలేదు? ఎదుటివాళ్ల తప్పు వెతకడంలో నా అంత చురుకైనవాడు లేడని కార్ఖానా అంతా చెప్పుకునేవాళ్లే.

వెళ్లేముందు ఒక మొక్కను చూపించాడు. మిగతావన్నీ ఆడ మొక్కలని తేలిపోయిందట, పూత దగ్గర సన్నటి తెల్ల పోగులు వచ్చాయి. మూల డబ్బాలోది మాత్రం ఇంకా తేలలేదు.

"గుండ్ల లెక్క కాయలు ఏలాడినయనుకో, అది పోతు. కనబడ్డ దినమే పీకి కాలవెట్టు బామ్మర్దీ. దాని పువ్వు ఇచ్చుకుంటె అన్నిటికీ గింజ పడ్తది. గింజ పడ్డంక ఇగ దేనికీ పనికిరాదు."

సరేనన్నాను. తాళంచెవి తీసుకున్నాను.

మొదట ఆబ్కారీ ఆఫీసుకు అర్జీ పెడదామనుకున్నాను. ఒకటి రెండు రోజులు మిషను ముందు నిలబడి మనసులో ఆ మాటలు పేర్చుకున్నాను కూడా. కానీ పోలీసులు వస్తే అక్క పరువు పోతుంది. మానుకున్నాను. మానుకున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. అందుకేనేమో, తర్వాత చేసినది నాకు నేరంలా కాక దయలా తోచింది.

షిఫ్టు దిగి రోజూ నాచారం ఇంటికి వెళ్లి నీళ్లు పోసేవాణ్ని. అక్క ముందు గదిలో మంచం మీద పడుకొని ఉండేది. కడుపులో పుండు అని చెప్పారు నాకు, మెల్లగా మానుతుందని. చిక్కిపోయింది. పక్కింటామె గంజి కాచి పెట్టి పోయేది. లోపలినుంచే "నీళ్లు పోసినవా తమ్మీ?" అని అడిగేది. మొగుడి అలవాటుకు ఈమె కాపలా కాస్తోందని జాలిపడ్డాను. అవును, జాలిపడ్డాను.

ఒక సాయంత్రం మూల మొక్కకు గుండ్లు కనబడ్డాయి. ద్రాక్ష గుత్తిలా, చిన్నగా, పచ్చగా. పోగు లేదు. కాండం పట్టుకున్నాను. మెత్తటి మన్ను, లాగితే వచ్చేసేది. అప్పుడు గిన్నె గుర్తొచ్చింది. నా పెదాల దాకా వచ్చిన అంచు. వెనక నవ్విన నవ్వు. చెయ్యి వదిలేశాను.

అది మరపు కాదు, అజాగ్రత్త కాదు. మరునాడూ చూశాను, ఆ మరునాడూ చూశాను. గుండ్లు విచ్చుకున్నాయి. ఆ రోజు నేను చేసినది ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు. ఆ డబ్బాను ఎత్తి గది మధ్యకు తెచ్చి, కాండం పట్టుకొని ఊపాను. పసుపు రంగు పుప్పొడి లేచింది. గాజు పెంకుల ఎండలో అది కాసేపు అలాగే తేలి, మెల్లగా మిగతా మొక్కల మీద వాలింది. నా మీసాల మీద కూడా పడింది. ఇంకా ఊపాను. రాలడం ఆగాక మొక్కను పీకి పెరట్లో కాల్చేశాను. చేతులు కడుక్కొని అక్కకు వెళ్లొస్తానని చెప్పాను. జాగ్రత్తగా వెళ్లమంది.

బావ తిరిగొచ్చాడు. పోతు కనబడ్డదా అని అడిగాడు. కనబడిన రోజే పీకేశానన్నాను. ఒక్క మాటతో సరిపోయింది. అబద్ధం ఇంత తేలికగా బయటికి వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

క్రిస్మస్ నాడు వాళ్ల ఇంటికి కొంచెం హుషారుగానే వెళ్లాను. బావ ముఖం చూడాలి. అదే నా పండగ.

బావ వంటింట్లో చాట ముందు కూర్చొని ఉన్నాడు. ఎండిన పూతను అరచేతుల్లో నలుపుతుంటే గింజలు ఆవాల్లా టపటపా చాటలో పడుతున్నాయి. ముఖం నల్లబడి ఉంది. నాకు కడుపు నిండినట్టయింది. ఆయన మిగిలిన పొట్టును పాలల్లో వేసి కాచాడు, వడగట్టాడు. ఇక తాగుతాడు, ఎక్కలేదని తెలుసుకుంటాడు, చూద్దామని గుమ్మానికి ఆనుకొని నిలబడ్డాను. బావ గ్లాసు పట్టుకొని నన్ను దాటుకొని ముందు గదిలోకి వెళ్లాడు. అక్క తల కింద చెయ్యి పెట్టి లేపాడు. అక్క తాగింది.

కాసేపటికి ఆమె ముందు అన్నం పెట్టాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ ముద్ద, ఆ పాలు అన్నీ బయటికి వచ్చేశాయి. వంగిన వీపు మీద ఎముకలు ఒక్కొక్కటీ కనబడ్డాయి. పండగ కోసం కట్టుకున్న కొత్త చీర తడిసిపోయింది.

"గింజ పట్టింది. గుణం పోయింది" అన్నాడు బావ, ఎవరితోనో చెప్తున్నట్టు.

గుమ్మం పట్టుకున్నాను. "గిది అక్కకా?" అని అడిగాను.

"మరెవ్వరికి అనుకున్నవ్‌రా?"

చెప్పాడు. పుండు కాదట, గడ్డ. కోతకు కూడా లాభం లేదని వానాకాలంలోనే దవాఖానాలో తేల్చారట. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. వాళ్ల ఊరి ముసలమ్మ ఒకామె ఈ పూత పాలల్లో కాచి ఇమ్మని చెప్పి, తన దగ్గరున్నది కొంచెం ఇచ్చిందట. అది తాగిన రోజుల్లో అక్క పప్పన్నం తిన్నది, చేపల పులుసు అడిగి తిన్నది. అది అయిపోతుందనే ఈ మొక్కలు.

నాకెందుకు చెప్పలేదని అరిచాను. ఆ స్థితిలోనూ నేను ఫిర్యాదే చేశాను, చూడండి.

మంచం మీంచి అక్క జవాబు చెప్పింది, మూతి తుడుచుకుంటూ. "చెప్పొద్దన్నది నేనే తమ్మీ. చెప్తే నువ్వు డాక్టర్ మీద అర్జీ రాస్తవు. పాస్టరయ్య మీద రాస్తవు. ఆఖరికి దేవుని మీద సుత రాస్తవు. నాకు జర నిమ్మళంగ ఉండాలె అనిపించింది." నవ్వబోయింది.

బావ నా వైపు తిరిగాడు. "నువ్వు కనబడ్డ దినమే పీకినవు, నీ తప్పు లేదు. నేను పొయ్యేముందే ఎక్కడనో ఒక పువ్వు ఇచ్చుకున్నట్టుంది. నా కంటికి ఆనలే. నా కన్ను తప్పింది."

అప్పుడు చెప్పాల్సింది. ఆ వాక్యానికీ తర్వాతి వాక్యానికీ మధ్య ఖాళీ ఉంది. నా నోరు తెరుచుకుంది కూడా. పసుపు పుప్పొడి నా మీసాల మీద ఇంకా ఉందేమో అన్నట్టు చేత్తో తుడుచుకున్నాను. అంతే.

మరునాడే సికింద్రాబాదులో సర్కారు దుకాణానికి పరుగెత్తాను. నాకు పరువు భయం లేదు కదా. తెచ్చింది ఎన్నాళ్ల సరుకో, ఎలాంటిదో. అది తాగిన పూట అక్కకు ఇల్లంతా తిరిగినట్టయి, భయపడి కేకలు వేసింది. ఇక దుకాణం సరుకు తన దగ్గరికి తేవద్దని బావ చేత ఒట్టు వేయించుకుంది. బావ డబ్బాల్లో మళ్లీ విత్తనాలు వేశాడు. నేను ఊపిన పుప్పొడితో పండిన విత్తనాలే అవి. మొలకెత్తాయి. పూత దాకా ఆమె ఆగలేదు. ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో పోయింది.

ఎలాగూ పోయేదే. అది నాకు తెలుసు. చాలా ఏళ్లు ఆ మాట వెనకే దాక్కున్నాను. కానీ ఆకలితో పోవాల్సిన పని లేదు కదా? అమ్మ పోయాక నాకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి ఆమె. నేను ఆమె నోటి కాడి ముద్ద తీసేశాను, ఒక గుక్క ద్రాక్షరసం నాకు అందలేదని.

సమాధి చేశాక చర్చిలో మొదట వచ్చిన ప్రభు భోజనం నాడు మోకాళ్ల మీద ఉన్నాను. బావ గిన్నె పట్టుకొని వరుస వెంట వస్తున్నాడు. నేను ముందురోజు తాగాను. మామూలుగా కాదు, బాగా తాగాను. నా నోటి వాసన నాకే తెలుస్తోంది. దాటించాలనే తాగానేమో. ఈసారి దాటిస్తే నాకు సరిపోయేది.

బావ నా ముందు ఆగాడు. వంగాడు. గిన్నె నా పెదాలకు ఆనించాడు. ఎడమ చెయ్యి నా భుజం మీద వేశాడు. గిన్నె వంచాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు. అక్క తమ్ముణ్ని కాబట్టి, ఆమెకు తన కన్ను చేసిన తప్పుకు నా దగ్గర మన్నింపు అడుగుతున్నాడని నాకు అర్థమైంది.

నేను తాగాను.

ఇప్పటికీ చలి మొదలైతే బావ ఆ మాట తెస్తాడు. పొయ్యేముందు జర పారజూసి ఉంటే అంటాడు. ఆయనకు కళ్లజోడు వచ్చింది, తీసి తుడుచుకుంటాడు. వయసు మీద పడిందిలే బావా అంటాను. ఆయనకు చెప్పగలనో లేదో నాకు తెలియదు. చెప్తే అక్క గుర్తుగా మిగిలిన ఒక్క మనిషీ దూరమైపోతాడు. చెప్పకపోతే తనది కాని తప్పుతో పోతాడు. రెండోదే జరుగుతుందేమోనని భయంగా ఉంది, నా సంగతి నాకు తెలుసు కాబట్టి.

మీకు మాత్రం చెప్పాను. ఆయన కన్ను తప్పలేదు. పోతు నాకు కనబడింది. నేను పీకలేదు. ఊపాను.