మా వీధి మొదట్లో వీసా ఆఫీసు

నా చిన్నప్పుడు అయిదో తరగతి దాటి ఆరో తరగతిలోకి అడుగుపెట్టడానికి నాకు అనుమతి దొరకలేదు. మూడేళ్ళు వరసగా ప్రయత్నించాను, మూడేళ్ళూ మాస్టారు గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపేశారు. నా పరీక్ష కాగితాలు చూసినవాళ్ళెవరూ ఆయన్ని తప్పుపట్టరు లెండి. ఆపేస్తే ఎలా ఉంటుందో పన్నెండేళ్ళకే అంత బాగా తెలిసినవాణ్ణి, తెలిసీ ఒక పని చేశాను.

మాది పెడన. మా పక్కింట్లో కలంకారీ అద్దకం పనిచేసే ఆయన ఉండేవాడు. ఊరికి సాయిబు గారు, మా వీధి పిల్లలకి మాత్రం మావయ్య. ఒక చలికాలం ఆయనింటికి ఒక దొరసాని వచ్చింది, రంగులు కాచడం నేర్చుకుంటానని. రెండు వారాలు వాళ్ళింట్లోనే ఉంది. ఆ రెండు వారాల్లో అత్తయ్య ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటే, కూరలో కారం తగ్గించాలా అని. వెళ్ళేముందు దొరసాని ఒక మాట చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మ్యూజియంలో అద్దాల పెట్టెలో మా బందరు వైపు అద్దిన గుడ్డలున్నాయట, తాతముత్తాతల నాటివి. వచ్చి చూడండి, ఖర్చంతా నాది అంది. ఆ తర్వాత ఉత్తరం కూడా రాసింది.

అప్పట్నుంచీ మావయ్యకి అదే ధ్యాస. మా తాత చెయ్యి పడిన గుడ్డ వాటిలో ఒక్కటైనా ఉండకపోదు, చూస్తే గుర్తుపడతాను అనేవాడు. చూసి రావడానికి టూరిస్టు వీసా కావాలన్నారు. దానికి బ్యాంకు పుస్తకం, పొలం కాగితాలు, ఉద్యోగం చేస్తున్నట్టు చీటీ పట్టుకురమ్మన్నారు. మావయ్యకి పొలం లేదు. చీటీ ఇవ్వడానికి యజమానీ లేడు, ఆయనే యజమాని, ఆయనే కూలీ. దొరసాని ఉత్తరం, ఒక చిన్న సీసా పట్టుకుని వీసా ఆఫీసుకని మద్రాసు రైలెక్కాడు.

ఆ సీసాలో ఉన్నది నల్లరంగు. ఇనుప తుక్కు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూత కడితే మూడు వారాలకి పులిసి తయారవుతుంది. సమయానికి వడకట్టకపోతే మొత్తం పాడే. అందుకని కుండ పెట్టిన అద్దకంవాడు ఆ రోజుకి ఎక్కడున్నా ఇంటికొచ్చి తీరతాడు. మా ఊళ్ళో ఇది పసిపిల్లాడికి కూడా తెలుసు. తిరిగొస్తావని రుజువేంటని మద్రాసులో ఆఫీసరు అడిగితే, మావయ్య సీసా బల్ల మీద పెట్టి, "కుండ పెట్టి బయల్దేరతానండీ" అన్నాడట. అంతకంటే పెద్ద రుజువు ఉంటుందని ఆయనకి తోచలేదు. ఆఫీసరు ముక్కు మూసుకుని, ముందా సీసా తీయమన్నాడు. తిరిగొచ్చే నమ్మకం లేదని రాసి పంపేశాడు.

ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళు వచ్చి మా ఇంట్లో అన్నం తినొచ్చు, మా రంగుల గుట్టు పుస్తకంలో రాసుకుపోవచ్చు, మా గుడ్డలు వాళ్ళ అద్దాల్లో పెట్టుకోవచ్చు. గుడ్డ అద్దినవాడి మనవడు చూడ్డానికి వస్తానంటే మాత్రం దొంగని చూసినట్టు చూస్తారు! మావయ్య వచ్చాక పది రోజులు అద్దకం అచ్చు పట్టుకోలేదు.

మరుసటి చలికాలం దొరసాని మళ్ళీ వస్తోందని తెలిసింది. నేను దండెం తాడు ఒకటి పట్టుకెళ్ళి వీధి మొదట్లో అడ్డంగా కట్టాను. ఆమె రిక్షా దిగగానే చెయ్యి చాపి, "వీసా!" అన్నాను. నవ్వింది. బ్యాంకు పుస్తకమేదన్నాను. తిరిగెళ్తావని రుజువేదన్నాను. ఆమెకి వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో అవి లేవు గానీ సంగతి అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. ఎండలో నిలబడి సంచీ అంతా వెతికి, తిరుగు టిక్కెట్టు తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తిరగేసి మరగేసి చూశాను, చదవడం వచ్చినట్టు.

అప్పుడొచ్చాడు మావయ్య. చెవి మెలేస్తాడనుకున్నాను. తాడు కింద నుంచి దూరి అవతలికెళ్ళి దొరసాని పక్కన నిలబడ్డాడు. చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని, తల దించి, "అయ్యగారూ, లోపల మా ఇల్లుందండీ. తమరు దయచేసి పోనిస్తే..." అన్నాడు. మద్రాసులో ఎలా నిలబడ్డాడో నాకు కళ్ళకి కట్టింది. తాడు ముడి విప్పుదామంటే వేళ్ళు ఆడలేదు, పళ్ళతో లాగాను.

మావయ్య ఆ గుడ్డలు చూడకుండానే పోయాడు. మొన్న మా వీధి అమ్మాయి ఒకతి సరదాగా విదేశం చూసొద్దామని ఫోనులో వీసాకి పెడుతుంటే పక్కన కూర్చున్నాను. కాగితాలు పోయి వాటి ఫొటోలొచ్చాయి గానీ, తిరిగొస్తావని రుజువేంటన్న ప్రశ్న అలాగే ఉంది. నా కోపమూ అలాగే ఉంది. కాకపోతే దాన్ని ఎవరి మీద చూపించాలో చూసుకుని మరీ చూపిస్తున్నాను, మా గుమ్మంలోకొచ్చిన మనిషి మీద మాత్రం కాదు.

తాడు కట్టిన రోజు సాయంత్రం మటుకు నేను తగ్గలేదు. మద్రాసులో ఆఫీసరు చేసిందే కదా నేనూ చేశాను, నా ఒక్కడిదే తప్పా అని మావయ్యని నిలదీశాను.

"ఆయనకి ఆ పనికి జీతమిస్తార్రా," అన్నాడు మావయ్య. "నువ్వు ఊరికే చేశావు."