రెండు సీట్ల కారు

మా పెద్దమ్మ ఆ కారును ముట్టుకునే ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకునేది. చేతులు శుభ్రంగా ఉన్నా తుడుచుకునేది.

రెండువేల సంవత్సరానికి ముందు మాట. మడకశిరలో మెకానిక్కుగా ఉన్న మా పెద్దనాయన, ఎవరో తెల్లదొర వదిలేసి పోయిన ఇంగ్లండు స్పోర్ట్సు కారును పాత ఇనుము కింద కొన్నాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఆరేండ్లు కష్టపడి బాగుచేసినాడు. దొరకని సామాన్లు తానే తయారు చేసుకున్నాడు. అది నడిచిన రోజు, "రామ్మే, ఒక సుట్టు తిరిగొద్దాం" అని పెద్దమ్మను పిలిచినాడు.

ఆమె పశువుల మేతకు శెనక్కాయ కట్టె వామి వేస్తా, "పనుండాది, రేపు పోదాంలే" అనింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా అదే మాట. ఆ మరుసటి ఎండాకాలంలో పెద్దనాయన గుండె ఆగి పోయినాడు.

మరుసటేడు వానల్లేక, వేసిన విత్తనం కూడా వెనక్కి రాలేదు. పెద్దమ్మ కారు అమ్మేసింది. కొన్న బెంగుళూరాయన మంచివాడు. "ఎక్కమ్మా, ఒకసారి ఊరంతా తిప్పుకొస్తా" అన్నాడు.

"ఆయప్ప పిలిచినప్పుడు తీరిక లేకపోయె. ఇప్పుడు ఎవరి పక్కన కూచోవల్ల సామీ? తోలుకొని పో."

కారు రోడ్డెక్కినాక, పక్కన నిలబడిన నన్ను అడిగింది. "ఏమప్పా, మీ పెద్దనాయన తోలినా ఇట్లే పోతుండెనా? నేను తలెత్తి చూసిందే లేదు."

"ఇట్లే పోతుండె పెద్దమ్మా" అన్నాను. ఆమె రానన్న ప్రతిసారీ ఆ సీట్లో కూచున్నది నేనేనని చెప్పలేకపోయినాను.