మార్తమ్మ ముడి

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ని నేను. పదో తరగతితో చదువు ఆగిపోయినా, ఏలూరు గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల బీరువా మొత్తం చదివాను. ఊళ్లో ఎవరికైనా పూనకం వస్తే అది నరాల సంగతని బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

మా మావయ్యది కొల్లేటిలో ముప్పై గడపల లంక. నేనూ ఆయన దగ్గరే ఉండేవాణ్ని. చుట్టూ చేపల చెరువులే. ఆయన చెరువులో మేత పని మార్తమ్మది. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, మూతి కట్టి, నీళ్లలో పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు ఆ చిల్లుల్లోంచి తింటాయి. మార్తమ్మది ఎడమచేతి వాటం. ఆమె వేసిన ముడి ఇంకెవరికీ విడేది కాదు, కత్తితో కోయాల్సిందే.

ఆమె జ్వరంతో పోయింది. లంకలో మెరక తక్కువ కాబట్టి చెరువు పక్క దిబ్బ మీదే సమాధులు. ఆమెకు మట్టి సమాధి కట్టి, సున్నం పూసి, కొయ్య శిలువ పెట్టారు.

ఆ వానాకాలం చెరువు గట్టు జారిపోతోంది. గట్టి మట్టి ఇంకెక్కడా దొరకక మావయ్య పొక్లెయిన్‌తో దిబ్బ అంచు తవ్వించడం మొదలుపెట్టాడు. ఆ అంచునే మార్తమ్మ సమాధి. కూతురు రూతు పరుగున వచ్చింది.

"బాబుగారండీ, అమ్మని వేరే చోటికి మార్చుకుంటాం. ఒక్క రోజు ఆగండి."

"బతికున్నన్నాళ్లూ మీ అమ్మ నా గట్టు మీదేగా ఉంది. ఇప్పుడూ ఉంటుందిలే," అన్నాడు మావయ్య.

డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను. రూతు ఏడవలేదు. "అమ్మ ఊరుకోదండీ," అని వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆ సమాధి మట్టి సున్నంతో సహా గట్టులో కలిసిపోయింది.

మూడో రోజు నుంచి చేపలు మేత ముట్టలేదు. చేపలు పట్టి అమ్మే పట్టుబడికి పదిహేను రోజులే ఉంది. మావయ్యకు ఆ చెరువు తప్ప వేరే ఆధారం లేదు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందన్నాను. పరీక్ష చేయిస్తే సరిగ్గానే ఉంది. కొత్తగా పెట్టిన మనిషికి పని రాదన్నాను. ఒక పొద్దున నేనే దోనె ఎక్కి పన్నెండు సంచులు నింపి కట్టాను. తర్వాత మావయ్యా నేనూ గట్టు మీదే కూర్చున్నాం. చెరువులోకి ఎవరూ దిగలేదు.

మధ్యాహ్నం మొదటి సంచి లాగితే మూతి విడలేదు. అది నేను వేసిన ముడి కాదు. కత్తితో కోశాను. లోపల తవుడు లేదు, మట్టి ఉంది. అంతసేపు నీళ్లలో ఉన్నా పొడిగా ఉంది. మధ్యమధ్య సున్నం పెచ్చులు. పన్నెండు సంచులూ అంతే.

మావయ్య అప్పటికప్పుడు గట్టు తవ్వించి, ఆ మట్టి దిబ్బకు చేర్పించి, రూతు గుమ్మంలో కూలబడ్డాడు.

"నన్నడిగితే ఏం లాభమండీ? మీరు తవ్వింది నన్ను కాదుగా," అంది రూతు.

మర్నాడు తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తేలాయి. అదే కాలవ నీళ్లు పెట్టిన పక్క చెరువుల్లో ఒక్కటీ చావలేదు. మావి మాత్రం గాలికి ఎదురొచ్చి దిబ్బ పక్క ఒడ్డునే పేరుకున్నాయి. నీళ్లూ చేపలూ పరీక్షకు పట్టుకెళ్లాను. జబ్బు లేదు, విషం లేదు. కారణం రాయాల్సిన చోట అడ్డగీత గీసి ఇచ్చారు.

అప్పుల కింద చెరువు పోయింది. మావయ్య ఇప్పుడు పెదవేగిలో పామాయిల్ తోటలో పనికి వెళ్తున్నాడు. ఆదివారాలు లంకకు వస్తాడు. దారిలో రూతు ఎదురైతే పక్కకు తప్పుకుని, ఆమె దాటేదాకా తల దించుకుని నిలబడతాడు.

జరిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆయన పక్కన నేనూ నిలబడుతున్నాను.