లెటిస్ కుక్కకు తండ్రి ఎవరు

లాన్‌గైరన్ పోస్టాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఆ ఏళ్ళలో నా చేత్తో నింపిన కాగితాల్లో చాలా వరకు లెటిస్‌వే. ఆమెకు ఇంగ్లీషు రాదని కాదు. "ఆ భాషలో నోరు తెరిస్తే నా పళ్ళు నావి కానట్టుంటుందే నెస్టా" అనేది. అందుకని లండన్‌కు వెళ్ళే ఉత్తరమేదైనా సరే, వెన్న చేతులు గౌనుకు తుడుచుకుంటూ నా దగ్గరికే వచ్చేది.

లెటిస్‌ది నాంట్‌గ్లాస్ పొలం. పన్నెండు ఆవులు, మూడు కుక్కలు, ఒక్కతే మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా చెప్పేది: "ఇద్దరు అడిగారు. ఒకడికి ఆవులంటే భయం. రెండోవాడంటే ఆవులకి భయం."

ఆమె కుక్కలు మా వైపు పాతకాలం నుంచీ ఉన్న పొట్టి కోర్గీలు. మోకాలి ఎత్తు కూడా ఉండవు. పొడుగాటి ఒళ్ళు, పెద్ద చెవులు, నక్క తోక. ఆవు వెనక చేరి మడమ మీద చిన్నగా కొరికి, వెంటనే నేలకు కరుచుకుపోతాయి. ఆవు తన్నిన తన్ను నెత్తి మీదుగా గాల్లోకి పోతుంది. కాళ్ళు పొడుగున్న కుక్కయితే ఆ ఒక్క తన్నుతో దాని పని అయిపోయేది.

లెటిస్ చెల్లెలు మైఫీ టైవీ నది అవతలి మనిషిని కట్టుకుంది. పేరు ఇనోక్. పెళ్ళయ్యాక మా ఊళ్ళోనే పొలం తీసుకుని, తన కుక్కను కూడా వెంట తెచ్చుకున్నాడు. అదీ కోర్గీయే. పేరు కాప్టెన్. కాకపోతే నది అవతలి రకానికి తోక ఉండదు, చెవులు కొంచెం చిన్నవి. మొదటి రోజే లెటిస్ దాన్ని చుట్టూ తిరిగి చూసింది.

"ఏమయ్యా ఇనోక్, దీని తోక పడవలో మర్చిపోయొచ్చావా?"

"మా కుక్కలు పనిచేస్తాయి వదినా. ఊపుకుంటూ కూర్చునే తీరిక వాటికెక్కడిది?"

ఆ రోజు మొదలైన తగువు ఆదివారం ప్రార్థన అయ్యాక మందిరం గుమ్మంలో కూడా సాగేది.

అప్పట్లో మా సంతలో కోర్గీలకు పేరు పెట్టి పోటీ కూడా లేదు. టర్నిప్పులకూ పొట్టేళ్ళకూ బహుమతులిచ్చాక, మిగిలిన పశువుల కుక్కలన్నిటినీ ఒక తాడు వెనక నిలబెట్టి చూసేవాళ్ళు. తరవాత పట్నం దొరలకు వీటి మీద మోజు పుట్టింది. పెద్ద ప్రదర్శనల్లో కోర్గీలకంటూ ఒక బరి వచ్చింది. చిక్కేమిటంటే, తోకున్నవీ లేనివీ ఒకే బరిలో తిరగాలి. ఒక జడ్జి తోక చూసి ముచ్చటపడేవాడు, పై ఏడాది వచ్చినాయన తోకను చూసి మొహం చిట్లించేవాడు. అందుకని ప్రదర్శన దగ్గర పడితే మా ఊళ్ళో ఎవరూ కుక్కల గురించి మాట్లాడేవాళ్ళు కాదు. జడ్జి ఎవరని మాత్రమే అడిగేవాళ్ళు.

లెటిస్ దగ్గర బ్రిత్ అనే చుక్కల ఆడకుక్క ఉండేది. మహా అందగత్తె. ఒకసారి ఇంగ్లండు నుంచి వచ్చిన మేజర్ ఒకాయన దాని ముందు పాదాలు బయటికి తిరిగి ఉన్నాయని, చిన్నప్పుడు ఎముకల జబ్బేమైనా చేసిందా అని అడిగాడు. నేను మా భాషలో లెటిస్‌కు చెప్పాను.

"ఆయన మీసమూ అలాగే తిరిగింది కదే. అది ఏ జబ్బో మనం అడిగామా?"

లెటిస్ ధన్యవాదాలు చెబుతోందని నేను మేజర్‌తో అన్నాను.

మరుసటి ఏడాది కార్‌మార్థెన్ ప్రదర్శనలో బ్రిత్‌కు మొదటి బహుమతి వచ్చింది. ఇక లెటిస్ కాళ్ళు నేల మీద నిలవలేదు. "నది ఇవతలి రక్తమర్రా. అవతలిది చుక్క కలవలేదు" అని సంతలో చెప్పింది, పాల బండి దగ్గర చెప్పింది, చివరికి పత్రిక మనిషితో కూడా చెప్పింది. అతను అచ్చేశాడు.

ఇంతలో లండన్‌లోని కుక్కల సంఘం నుంచి ఉత్తరం. ఇకమీదట ఇవి ఒక జాతి కాదు, రెండు. తోకున్నవి ఒక జాబితా, లేనివి మరొకటి. ప్రతి కుక్కకూ తల్లి పేరు, తండ్రి పేరు, తండ్రి కుక్క యజమాని సంతకం కావాలి.

లెటిస్ బ్రిత్ కాగితంతో నా బల్ల ముందు కూర్చుంది. తల్లి పేరు ఫ్లోస్ అని రాశాను. "తండ్రి?" అన్నాను.

"తలుపు వెయ్యి."

"పట్టపగలు పోస్టాఫీసు తలుపేస్తే ప్రభుత్వం ఊరుకోదక్కా."

"అయితే దగ్గరికి రా."

చెవిలో చెప్పింది. ఆరేళ్ళ కిందట గడ్డి కోతల్లో ఫ్లోస్ రెండు రోజులు కనబడలేదు. మూడో రోజు ఇనోక్ పొలం వైపు నుంచి తాపీగా నడిచొచ్చింది. తరవాత నాలుగు పిల్లలు పుట్టాయి. ఒకటి బ్రిత్. రెండింటికి తోకలే లేవు! ఎవరి కంటా పడకముందే ఆ రెండింటినీ బుట్టలో పెట్టి కొండ మీది పొలాలకు ఇచ్చొచ్చింది.

"తండ్రి తెలియదని రాయచ్చక్కా. చాలామంది అలాగే రాయిస్తున్నారు" అన్నాను.

లెటిస్ కాగితం తన వైపు లాక్కుంది. "నాకు తెలుసు కదే" అంది.

ఇద్దరం కలిసి ఇనోక్ ఇంటికి నడిచాం.   ఇనోక్ ఆవు డెక్కలు చెక్కుతున్నాడు. లెటిస్ కాగితం ముందుకు చాచి, "ఇక్కడ సంతకం పెట్టు. ఎందుకని అడగకు" అంది.

అతను చదివి, ఆవు కాలు మెల్లగా కిందకు దించాడు.

"అడగాల్సిన పనేముంది వదినా? ఫ్లోస్ రెండు రోజులు మా కొట్టంలో ఉంటే, పాలు పోసిందెవరనుకున్నావ్?"

"నీకు తెలుసా! ఆరేళ్ళు నోరెందుకు మెదపలేదయ్యా?"

"పత్రికలో చుక్క కలవలేదని చదివినప్పుడు మాత్రం నోరు తెరవబోయాను. మైఫీ అందులో రొట్టె కుక్కింది." చెయ్యి తుడుచుకుని కలం తీసుకున్నాడు. "బ్రిత్ గెలిచిన ప్రతిసారీ కాప్టెన్‌కి ఓ ఎముక వేసేవాణ్ణి. ఎందుకో వాడికి తెలీదు. ఎముక తెలుసు."

లెటిస్ మొహం ముందు ఎర్రబడింది. తరవాత గోడకు చేరబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. మైఫీ బయటికొచ్చి, విషయం అడక్కుండానే టీ పెట్టడానికి లోపలికి పోయింది.

మా వైపు కోర్గీ సంఘం వాళ్ళు నవ్వలేదు. కార్యదర్శి ఎలియాస్ స్వయంగా పొలానికి వచ్చాడు. మన పరువు పోతుంది, కాగితం మార్చి రాయించమన్నాడు.

"పరువు నాదయ్యా, కుక్కా నాదే. నీదేం పోయింది?" అని లెటిస్ గేటు వేసేసింది.

తమాషా ఏమిటంటే, ఆ వారంలో ఏడుగురు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నా కాగితంలో కూడా తండ్రి పేరు కాస్త సరిచెయ్యమ్మా" అన్నారు. తండ్రులందరూ నది అవతలివాళ్ళే. వచ్చిన ఏడుగురిలో ఒకరు ఎలియాస్ భార్య.

బ్రిత్ తోకున్న జాబితాలోకే చేరింది. ఆపైన ఒక్క బహుమతీ రాలేదు. పాదాలు మరీ తిరిగాయన్నారు కొందరు, తండ్రి పేరే అడ్డొచ్చిందన్నారు మరికొందరు. లెటిస్ కొన్నాళ్ళు బాధపడింది. తరవాత బరి మానిపించి, దాన్ని పూర్తిగా ఆవులకే వదిలేసింది.

యాభై ఎనిమిదో ఏట లెటిస్‌ను జిల్లా ప్రదర్శనకు జడ్జిగా పిలిచారు, రెండు జాతులకూ. కాగితంలో నిజం రాయించిన మనిషి కావాలని ఎవరో పట్టుబట్టారట. ఉన్నిటోపీ పెట్టుకుని, ఒక్కో కుక్క ముందూ గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. తోక లేనివాటిలో ఇనోక్ కొత్త కుక్కకు మూడో స్థానం ఇచ్చింది.

తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన, వాళ్ళిద్దరూ నా ముందు సీట్లో.

"సొంత మరిదికి మూడోదా వదినా?"

"మరిదివి కాబట్టి మూడోది. పరాయివాడివైతే నాలుగోది."

 వంతెన దాటాక ఇనోక్ సంచీలోంచి చీజు రొట్టె తీసి, రెండుగా తుంచి, పెద్ద ముక్క తనుంచుకుని చిన్నది ఆమెకిచ్చాడు.