ముడుపు కట్టిన ఈటె

తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పుకుని బతికే రోజుల్లో నాకు ఒళ్లు మండించే పాఠం ఒకటుండేది. జపాను ఏకీకరణ. ముక్కచెక్కలై కొట్టుకు చస్తున్న దేశాన్ని ముగ్గురు దొరలు ఒకరి తర్వాత ఒకరు ఒక్కతాటి మీదికి తెచ్చారట. పరీక్షకు ఆ మాత్రం చాలు. నాకే చాలేది కాదు.

మొదటి దొర తుపాకులతో వచ్చాడు, ఎదురు తిరిగిన మఠాలను కూడా తగలబెట్టాడు, చివరికి సొంత మనిషే తిరగబడితే చచ్చాడు. రెండోవాడు పేదింట పుట్టి, మొదటివాడి దగ్గర చిన్న కొలువులో చేరి పైకొచ్చినవాడు. మిగిలిన దొరలందర్నీ లొంగదీసుకుని, రైతుల ఇళ్లలోని కత్తులూ ఈటెలూ ఊడ్చుకుపోయాడు. ఊరికే కాదు, పెద్ద బుద్ధుణ్ణి నిలబెడుతున్నాం, మీ ఇనుము దానికి మేకులవుతుంది, మీకు ఇహమూ పరమూ దక్కుతాయి అని చెప్పి మరీ. మూడోవాడు ఓపిగ్గా కాచుకుని, రెండోవాడు పోయాక అంతా చేజిక్కించుకున్నాడు. ఒకడు బియ్యం దంచాడు, ఒకడు పిండి పిసికాడు, ఒకడు కూర్చుని తిన్నాడని అక్కడ ఒక మాట ఉందట. దంచినమ్మకు బొక్కిందే దక్కుడని మనకూ ఉంది. రెండింట్లోనూ వడ్లు పండించినవాడి ఊసు లేదు.

పుస్తకం చదవకముందే ఈ కథ నాకు తెలుసు. చంద్రగిరి అవతల, కొండ కింద మా ఊరు. ఊరిని ఏలిన మొదటి పెద్దాయన్ని సొంత మనుషులే నరికారు. ఆయన జీపు తోలినవాడు రెండో పెద్దాయన అయ్యాడు. కొట్లాటలు ఆపించాడు, కాదనను. సామికి మొక్కులు తీర్చే పెరటాసి నెలలో ఒకసారి పెరుమాళ్ల గుడి ముందు ఊరినంతా కూర్చోబెట్టాడు.

"ఇంట్లో ఉండే కత్తీ కొడవలీ అంతా తెచ్చి సామికిచ్చేయండప్పా. గుడికి ఇనప గేటు చేయిస్తా. ఇంక ఊరంతా ఒకే మాట మీద ఉండాల" అన్నాడు. ఆ మాట ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

మా నాయన దగ్గర ఒక ఈటె ఉండేది. అడవి అంచున మా చెనిక్కాయల చేను మీద పడే పందులను తరమడానికి చేయించుకున్నది. ఆ చేనే మా కూడు. మిగతావాళ్లు తమ ఇనుమును గుడి ముందు పడేసి వచ్చారు. మా నాయన మాత్రం ఈటెను కడిగి, పసుపు గుడ్డ చుట్టి, ముడుపు కట్టి మరీ ఇచ్చాడు. మా కొంప ముంచింది ఆ పసుపు గుడ్డే.

రెండో పెద్దాయన జబ్బు చేసి పోయాక మూడోవాడు దిగాడు. అప్పటికి తిరుపతి ప్లాట్లు మా ఊరిదాకా పాకాయి. ఒకరోజు వాడి మనుషులు వచ్చి మా చేలో హద్దురాళ్లు పాతారు. వాళ్ల చేతుల్లో వేటకొడవళ్లున్నాయి. వాటిని ఏ సామీ అడగలేదు మరి.

"గేటు పెరికి మన ఇనుము మనం తెచ్చుకుందాం పా అన్నా" అన్నారు పక్క చేలవాళ్లు. తర్వాతి వంతు తమదేనని వాళ్లకు తెలుసు.

"ముడుపు కట్టేసినాను రా. సామి సొత్తు మళ్లా ముట్టుకుంటే కండ్లు పోతాయి" అన్నాడు మా నాయన. తమలో వయసుకు పెద్దవాడు కాదనేసరికి వాళ్లూ చల్లబడ్డారు. చేను పోయింది. నాకు మూడోవాడి మీదకంటే మా నాయన మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

"ఆ బుద్ధుడు ఏమైనాడు మేడం?" అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. భూకంపానికి కూలిపోయాడని చెప్పాను. పిల్లలు నవ్వారు.

మా గేటు మాత్రం గట్టిది. ఆ ఏడు పెరటాసి శనివారం, సామి ముందు తళిగ వేసి నైవేద్యం పెట్టడానికి అన్నం గిన్నెలతో వెళితే తాళం వేసి ఉంది. తాళంచెవి మూడోవాడి ఇంట్లో. వాడొచ్చి మొదటి హారతి తీసుకున్నాకే మాకు దర్శనం. గోడ దూకి ఎవరూ లోపలికి పోకుండా, కమ్మరి గేటు పైన మా వాళ్ల ఈటె మొనలే వరసగా అతికించాడు.

"అదో, ఆ కొసన ఉండేది మనదేనమ్మా. సూడు, బండకు తగిలి మొన వంకర పొయ్యుండాది" అన్నాడు మా నాయన, చల్లారుతున్న గిన్నె పట్టుకుని.

పందులను ఆపడానికి చేయించిన ఈటె ఇప్పుడు మమ్మల్ని ఆపుతోంది. మా నాయన గిన్నె నా చేతికిచ్చి, ఆ మొనకు దండం పెట్టాడు.