బావ బొటనవేలు

మా అక్క భర్త బొటనవేలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ రోతే. సూరత్‌లో, భేస్తాన్‌లోని వాళ్ల ఇంట్లో మంచం కింద కూడా కరెంటును కొలిచే పాత ఆసిలోస్కోపులు, ముల్లు మీటర్లే ఉండేవి. బావ వాటిని తుక్కు దుకాణాల్లో కొనుక్కొచ్చి, ఇంట్లోనే బాగుచేసి, "చాలూ మాల్, మస్తు నడుస్తది" అని అమ్మేవాడు. బాగుచెయ్యడమంటే ఆయన లెక్కలో తుడవడమే. మావా అనే పొగాకు వక్కపొడి నములుతున్న నోట్లో బొటనవేలు పెట్టి, ఆ ఎర్రటి ఉమ్మితో మీటరు అద్దం రుద్దేవాడు. పక్కనే అక్క రొట్టెలు కాలుస్తుండేది. నేను ఛీ అంటే నవ్వేవాడు.

"జర తుడిస్తే కొత్తదే, బామ్మర్దీ!"

మా నాన్న మరమగ్గాల మెకానిక్. ఆయన పోయాక, ఆయన వాడిన మీటరు పనిచెయ్యకపోతే బావకిచ్చాను. తళతళలాడించి సూరత్‌లోనే అమ్రోలీలో ఉన్న మా ఇంటికి తెచ్చిచ్చాడు. ముల్లు రెండు వందల ముప్పై వోల్టుల మీద నిలబడి ఉంది. సంబరపడ్డాను. తీరా చూస్తే వైర్లు దేనికీ తగిలించి లేవు. మూత విప్పాను. ముల్లును జిగురుతో అతికించేశాడు.

"ఇదేంది బావా?"

"పాత మాల్ చూసుడుకే గానీ వాడుడుకా?"

"నాన్న దీన్ని నమ్మే కరెంటు తీగలు ముట్టుకునేటోడు" అన్నాను.

బావ వినలేదు. గోడ మీది నాన్న ఫొటో మీద దుమ్ము కనబడినట్టుంది. బొటనవేలు నోట్లో పెట్టుకుని లేచాడు.

"జర తుడిస్తే మామ గూడ కొత్తగయితడు."