తుపాకీ బీరువాలో బంగారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అందరికీ చెబుతారు. నిజమే గానీ అది ఇంట్లోవాళ్ళ వరకే. బయటివాళ్ళు ఏదైనా అడిగితే మాత్రం "కుదరదు" అనే మాట నా నోట్లోంచి ఊడిపడదు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉండబట్టి నా రైఫిలు ఒకసారి పోలీస్ స్టేషన్లో పది రోజులుంది.

రైఫిలనగానే కంగారు పడకండి. పాయింట్ టూటూ అంటారు దాన్ని. తూటా వేలెడంత కూడా ఉండదు. కాగితం మీది నల్లటి వలయాలను కొట్టడానికి తప్ప నేను దాన్ని దేనికీ వాడలేదు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి. క్యాంపులో మాచేత తలా ఐదు తూటాలు కాల్పించారు. నావి ఐదూ రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయి. హవల్దారు కాగితాన్ని ఎండకేసి పట్టి చూసి "షాబాష్ బేటీ" అన్నాడు. అన్నాడే గానీ ఆరో తూటా ఇవ్వలేదు. దానికోసం నేను పదకొండేళ్ళు ఆగాల్సివచ్చింది.

తొంభై ఎనిమిదిలో మెల్‌బోర్న్ వచ్చాం. మా ఆయన కోబాల్ ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పందొమ్మిదివందల సంవత్సరం అనుకుని తికమకపడతాయని, ఆ తేదీలు దిద్దడానికి ఆయన్ని పనిలోకి తీసుకున్నారు. వారానికి ఆరు రోజులు, ఒక్కోసారి ఏడు రోజులూ దిద్దుతూనే ఉండేవారు. హాపర్స్ క్రాసింగ్‌లో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. పక్కనే, ఇప్పుడు టార్నీట్ అని వరసగా ఇళ్ళు కట్టేసిన చోట అప్పుడు గడ్డి, గొర్రెలు, తెరిపి లేని గాలి. నేను వారానికి మూడు రోజులు ఒక మందుల గోడౌనులో డబ్బాలకు లేబుళ్ళు అంటించేదాన్ని. ఆదివారాలు గోడలతో మాట్లాడుకునేదాన్ని.

ఒకరోజు లైబ్రరీలో ఒక కాగితం కనిపించింది. రైఫిల్ క్లబ్బు, కొత్తవాళ్ళెవరైనా వచ్చి కాల్చి చూడవచ్చు, టీ ఉచితం అని ఉంది. ఆదివారం వెళ్ళాను. ఒక రేకుల షెడ్డు, దాని ముందు యాభై మీటర్ల గడ్డి, అవతల మట్టికట్ట, అంతే. కెప్టెన్ డెబ్బై ఏళ్ళావిడ. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేదట. మన అలవాటు ప్రకారం నేను ఆంటీ అన్నాను. ఆవిడ మొదట వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా పిలిచానేమోనని. నెల తిరక్కుండానే క్లబ్బులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిడను ఆంటీ అనడం మొదలుపెట్టారు.

బోర్లా పడుకుని కాల్చే ఆట ఇది. ఒంటిమీద దళసరి కాన్వాసు కోటు, మోచేతుల దగ్గర రబ్బరు అతుకులు. అది వేసుకుని బొత్తాలు పెట్టుకుంటే ధాన్యం బస్తాలో దిగినట్టుంటుంది. ఎడమ చేతికి మందపాటి తొడుగు, జబ్బకు రైఫిలు పట్టీ, చెవులకు డిప్పలు, గురిచూడని కంటికి అడ్డంగా తెల్లటి ప్లాస్టిక్ ముక్క. అందరూ కింద రబ్బరు చాప పరుచుకునేవారు. నేను గుంటూరు నుంచి తెచ్చుకున్న జంపఖానా పరిచాను. ఆంటీ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, ఇది ఏ కొట్లో దొరుకుతుందని అడిగింది.

సగం ఊపిరి వదిలి ఆపితే గురి మీద నా గుండె కొట్టుకోవడం నాకే కనిపిస్తుంది. రెండు దెబ్బల మధ్య ఖాళీలో వేలు నొక్కాలి. ఆ అర క్షణం గోడౌనూ లేదు, గుంటూరూ లేదు, రాత్రికి కూర ఏం వండాలన్న బెంగా లేదు. ఇంత సుఖం ఉందని ఇంతవరకూ ఎవరూ నాకెందుకు చెప్పలేదా అని కోపం కూడా వచ్చింది. కాల్చడం అయ్యాక కాగితాలు చేతబట్టుకుని టీ తాగుతూ, గాలి ఎటు తిరిగిందో, ఏ కంపెనీ తూటా మంచిదో, కోటు అతుకులు ఎవరు బాగుచేస్తారో మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాటలకు అంతుండేది కాదు. లైసెన్సు తీసుకుని సొంత రైఫిలు కొనుక్కున్నాను. తొంభై తొమ్మిది చివరకు, ఫిబ్రవరిలో జరిగే పోటీకి పంపే నలుగురిలో ఆంటీ నా పేరూ రాసింది.

తుపాకీ ఇంట్లో ఉంటే ఇనప బీరువా ఉండాలి. దాన్ని గోడకు బోల్టులతో బిగించాలి. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. అన్నిటికన్నా ముఖ్యం, తాళంచెవి లైసెన్సున్న మనిషి దగ్గర తప్ప ఇంకెవరికీ అందకూడదు. పోలీసులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. ఈ సంగతి ఆంటీ నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ బుద్ధిగా తలూపాను. కానీ మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాల మధ్య తాళాలేమిటి? వంటింట్లో క్యాలెండరు వెనక మేకు కొట్టి, తాళంచెవి దానికి తగిలించాను. అది ఎక్కడుందో మా ఆయనకు చెప్పాను.

డిసెంబరు మొదటి వారంలో మా వీధి చివర ఉండే విశాఖపట్నం అమ్మాయి వచ్చింది.

"అక్కా, బ్యాంకులో లాకర్ రూముకి కంప్యూటర్ లాకంట కదా. జనవరి ఫస్ట్‌న అది ఓపెన్ కాకపోతే నా నగలు ఏమైపోతాయి? నీ సేఫ్‌కైతే మామూలు తాళమే. జస్ట్ వన్ మంత్ అక్కా, ప్లీజ్."

ఆ అమ్మాయి మొగుడు చేసే పని కూడా తేదీలు దిద్దడమే. ఊళ్ళో కంప్యూటర్లన్నిటికీ భరోసా ఇచ్చే మగవాళ్ళ ఇళ్ళల్లోనే ఆ భరోసా లేదన్నమాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పైకి "దానికేం భాగ్యం, పెట్టుకో" అన్నాను. ఆ అమ్మాయి ఇంకొకరికి చెప్పింది, ఆవిడ మరొకరికి చెప్పింది. పది రోజుల్లో నా బీరువాలో పదకొండు నగల పెట్టెలు చేరాయి. ఎవరివో రెండు కంచిపట్టు చీరలు కూడా వచ్చాయి, వాటికీ కంప్యూటరుకీ ఏం సంబంధమో నాకు తెలియదు. రైఫిలు వాటి వెనక, పెళ్ళిపందిట్లో పిలవని చుట్టంలా, మూలకి ఒదిగి నిలబడింది. నేను పనిలో ఉన్న రోజుల్లో ఎవరైనా వస్తే మా ఆయనే తాళం తీసి పెట్టించేవారు.

ఒక గురువారం మధ్యాహ్నం కానిస్టేబులు వచ్చాడు. ఆదివారం పనిచేసినందుకు మా ఆయనకు ఆరోజు సెలవు. నేను గోడౌనులో ఉన్నాను. మా ఆవిడ సాయంత్రానికి వస్తుందని ఈయన చెబితే, "పరవాలేదు, ఇంకో రోజు వస్తాను" అని ఆ అబ్బాయి వెనక్కి తిరిగాడట కూడా. అక్కడితో అయిపోయేదే. కానీ గుమ్మం దాకా వచ్చిన మనిషిని మా ఆయన ఎలా పంపిస్తారు? లోపలికి పిలిచి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పళ్ళెంలో చెక్కలు పెట్టారు. ఆ తర్వాత, అంత దూరం వచ్చి ఉత్తచేతులతో వెళ్ళడమెందుకని, క్యాలెండరు ఎత్తి, తాళంచెవి తీసి, బీరువా బార్లా తెరిచి చూపించారు. కానిస్టేబులు చెక్క నములుతున్నవాడల్లా ఆగిపోయాడట.

"మీకు లైసెన్సు ఉందా సర్?" అని అడిగాడట.

"లేదు, లేదు. తుపాకీ మా వైఫ్‌ది," అని ఈయన గర్వంగా చెప్పారట.

నేను ఇంటికొచ్చేసరికి సోఫాలో మా ఆయన ఒక రసీదు పట్టుకుని కూర్చుని ఉన్నారు. రైఫిలు తీసుకెళ్ళిపోయారు. మంగళవారం పదింటికి నేను స్టేషనుకు వెళ్ళి సంజాయిషీ చెప్పుకోవాలి. లైసెన్సు రద్దవచ్చు. రద్దయితే మళ్ళీ ఎన్నేళ్ళకు ఇస్తారో, అసలు ఇస్తారో ఇవ్వరో తెలియదు.

"అతను పోతానన్నా ఆపి మరీ చూపిస్తారా? ఎవరన్నా చేసే పనేనా ఇది?" అని అరిచాను.

"పోలీసాయన గదే, ఏదో దాస్తున్నామనుకుంటాడని..." అన్నారు.

ఇంకో పావుగంట అరిచి, ఆ తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఒక రైఫిలు కోసం ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఈ దేశంలో నాకంటూ నేను సంపాదించుకున్నది ఆ ఆదివారం ఒక్కటే.

మర్నాడు ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ అంతా వింది. చివరికి, "ఏం చెప్పినా సరే, అబద్ధం మాత్రం చెప్పకు అమ్మాయ్," అంది. ఆ రోజే అన్నం దగ్గర మా ఆయన వేరే ఉపాయం చెప్పారు.

"నీకు తెలీకుండా నేనే వెతికి తీశానని చెప్తాను. తప్పు నామీద పడుద్ది. నీ లైసెన్స్‌కి ఢోకా ఉండదు."

"పోలీసు కేసని మీ కాంట్రాక్టు పోతే?"

"పోతే ఇంకోటి దొరుకుద్ది. నీకు ఇంకోటి దొరకదుగా."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆదివారాలు నేనెక్కడికి వెళ్తున్నానో కూడా ఈయనకు పట్టదని ఇన్నాళ్ళుగా అనుకుంటున్నాను. కాసేపు ఆశపడ్డాను కూడా, ఆ అబద్ధంతో గట్టెక్కితే ఎంత బాగుండునని. కానీ మేకు కొట్టింది నేను.

శనివారం అందరినీ పిలిచి ఎవరి పెట్టెలు వాళ్ళకు ఇచ్చేశాను. విశాఖపట్నం అమ్మాయి మొహం మాడ్చుకుని, "అంటే మాకంటే నీకా తుపాకీయే ఎక్కువైపోయిందా అక్కా?" అంది.

"అవును," అన్నాను. ఆ మాట నేనే అన్నానా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆ అమ్మాయి ఉగాది వరకు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత తనే గిన్నెడు పరమాన్నం పట్టుకొచ్చింది, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం క్యాలెండరు వెనక మేకు పీకేశాను. తాళంచెవి చేత్తో పట్టుకుని, దీన్ని ఎక్కడ పెట్టుకోవాలా అని ఇల్లంతా తిరిగాను. హ్యాండ్‌బ్యాగులో పెడితే మర్చిపోతాను. జేబులున్న బట్టలు అన్ని రోజులూ వేసుకోను. చివరికి తట్టింది.

మంగళవారం స్టేషన్లో ఎదురుగా కూర్చున్న సార్జెంటుకు యాభై దాటి ఉంటాయి, తొందరలేని మనిషి. మా ఆయన కూడా నా పక్కన కూర్చున్నారు. తాళం ఎక్కడుందో మీ భర్తకు ఎలా తెలుసని అడిగాడు.

"నేనే చెప్పాను. చెప్పకూడదని తెలిసే చెప్పాను," అన్నాను.

మా ఆయన కదిలారు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. సార్జెంటు కలం కింద పెట్టి, మరి ఇప్పుడు ఆ తాళంచెవి ఎక్కడుందని అడిగాడు.

మెడలోంచి పుస్తెలతాడు బయటికి తీశాను. రెండు సూత్రాలు, నల్లపూసలు, రెండు పిన్నీసులు, వాటి మధ్య బీరువా తాళంచెవి. సార్జెంటు ముందుకు వంగి చూశాడు.

"నిద్రపోయేటప్పుడు తీస్తారా?"

"తీయను."

"స్నానానికి?"

"తీయను."

"మరి ఎప్పుడు తీస్తారు?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. మన ఆడవాళ్ళందరికీ తెలుసు. కానీ ఎవరం నోటితో అనం. మా ఆయన గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో, ఆఫీసులో ఎవరికో వివరం చెబుతున్నంత మామూలుగా చెప్పారు.

"నేను చనిపోయాక సర్. అప్పుడు తీసేస్తారు."

"అవేం మాటలండీ, పొద్దున్నే! నోటికి హద్దూ అదుపూ లేదా?" అని పోలీస్ స్టేషనని కూడా చూడకుండా తెలుగులో అరిచేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సార్జెంటుకు తెలుగు రాదు. అయినా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఇంకేమీ అడగలేదు. చాలాసేపు ఏదో రాసి, కాగితం నావైపు తిప్పాడు. ఈసారికి హెచ్చరించి వదిలేస్తున్నట్టు, తూటాలూ బీరువా అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నట్టు రాసి ఉంది. చివరి వాక్యం ఇది: తాళంచెవి లైసెన్సుదారు మెడలో, ఆమె భర్త జీవించి ఉన్నంతకాలం, అన్నివేళలా ఉంటుంది.

నేను సంతకం పెట్టాను. వచ్చే ఆదివారంలోపు వచ్చి రైఫిలు తీసుకెళ్ళమన్నాడు. లేచి, మా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. పెళ్ళిపీటల మీద తప్ప, నలుగురి ముందు ఆయన చెయ్యి పట్టుకోవడం నాకు అదే మొదటిసారి.